దారి లేని ఊళ్ళకు చిన్న బండి కావాలి

మన దేశపు రహదారుల మీద మోటారు బండ్లు ఏటేటా పెరుగుతున్నవి. వాటి ఆకారమూ పెరుగుతున్నది. 2023–24 ఆర్థిక సంవత్సరంలో అమ్ముడైన ప్రయాణికుల వాహనాలలో సగానికి మించినవి 'యుటిలిటీ' వాహనాలనే పేరుతో చెలామణి అయ్యే ఎత్తయిన, బరువైన బండ్లే. వ్యాపార ప్రకటనలలో ఇవి కొండలెక్కుతవి, వాగులు దాటుతవి, ఇసుక తిన్నెలను చీల్చుకొని పోతవి. ఆచరణలో వీటిలో అత్యధిక భాగం రెండు చక్రాలకు మాత్రమే శక్తి అందే నగర వాహనాలు. నల్లరేగడి నేల నాలుగు చినుకులకు నానితే చాలు, వాటి ప్రతాపం అంతటితో సరి. పైన పటారం, లోన లొటారం అన్న సామెత వీటికే పుట్టినదా అనిపిస్తుంది. ఈ వెల్లువలో, తారురోడ్డు అంతమైన చోటనే విధి మొదలయ్యే ఉద్యోగికి పనికివచ్చే బండి మాత్రం కరువైనది. చిన్నదై, తక్కువ ఇంధనంతో నడుస్తూ, దారి లేని చోట కూడా నిజంగా సాగగల బండి ఈ దేశానికి అత్యవసరమనీ, ఆ అవసరాన్ని తీర్చవలసిన బాధ్యత ప్రధానంగా ప్రభుత్వానిదనీ మా అభిప్రాయం.

ఇది మోటారు కంపెనీల వ్యవహారం, దీనితో రైల్వే, తపాలా ఉద్యోగులకు ఏమి సంబంధమని కొందరు సహోద్యోగులు అడగవచ్చు. సంబంధం ఉన్నది. ఈ దేశంలో అతి మారుమూల నేలను ప్రతి దినమూ తప్పక తొక్కవలసిన ప్రభుత్వోద్యోగులు ఎవరని లెక్క తీస్తే ముందు వరుసలో నిలిచేవారు మనవారే. ఉత్తరం అందవలసిన ఊరికి దారి ఉన్నదా లేదా అని తపాలా ఉద్యోగి ఎంచుకోలేడు. కట్ట కోసుకుపోయిన చోటికి రోడ్డు ఉన్నదా లేదా అని ట్రాక్‌మన్ అడగలేడు.

తపాలా సంచి నడిచే దారి

మన దేశంలోని పోస్టాఫీసుల సంఖ్య లక్షా అరవై వేలకు పైబడినది. ప్రపంచంలో ఇంతటి తపాలా వ్యవస్థ మరొకటి లేదు. వీటిలో దాదాపు తొంభై శాతం గ్రామీణ ప్రాంతాలలో ఉన్నవి. ఈ బ్రాంచి పోస్టాఫీసులను నడిపేవారు గ్రామీణ డాక్ సేవకులు. పూర్వం ఈటె, గజ్జెలు పట్టుకొని అడవి దారిలో పరుగెత్తిన తపాలా రన్నరుకు వీరు వారసులు. గజ్జెలు పోయినవి గాని దారి పెద్దగా మారలేదు. హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయలో, సముద్ర మట్టానికి 4,400 మీటర్లకు పైగా ఎత్తున హిక్కిం పోస్టాఫీసు ఉన్నది. 1983లో ప్రారంభమైన ఈ పోస్టాఫీసు నుంచి దిగువనున్న కాజాకు తపాలా కాలినడకన చేరిన చరిత్ర ఉన్నది. పర్యాటకులు అక్కడినుంచి ముచ్చటగా ఒక కార్డు రాసి పంపుతారు. ఆ కార్డును మోసే కాళ్ళను గురించి ఆలోచించేవారు అరుదు.

అంతదూరం పోనక్కరలేదు. పాడేరు, చింతపల్లి, మారేడుమిల్లి ఏజెన్సీ మండలాలలోను, నల్లమల లోపలి గూడేలలోను వర్షాకాలం వస్తే వాగుకు ఆవలనున్న ఊరు మరొక దేశం. జబ్బుపడిన మనిషిని, నిండు చూలాలిని డోలీ కట్టి భుజాల మీద మోసుకొచ్చే దృశ్యాలు అక్కడ నేటికీ వార్తలకెక్కుతున్నవి. మనిషినే డోలీలో మోసే చోట తపాలా సంచి ఏ వాహనంలో పోతుందో వేరే చెప్పనక్కరలేదు.

పైగా నేటి సంచి నాటి సంచి వంటిది కాదు. 2018 సెప్టెంబరు 1న తపాలా చెల్లింపుల బ్యాంకు దేశవ్యాప్తంగా ప్రారంభమైన నాటినుంచి బ్రాంచి పోస్టాఫీసు ఉద్యోగి ఊరికి బ్యాంకు కూడా అయినాడు. ఉపాధి హామీ కూలి, పింఛను సొమ్ము, పార్సిళ్ళు, వేలిముద్ర తీసుకునే యంత్రం, వీటన్నింటినీ వెంటబెట్టుకొని తిరగాలి. పని పెరిగినది, బరువు పెరిగినది, బాధ్యత పెరిగినది. రవాణా సౌకర్యం మాత్రం సైకిలు నిర్వహణ భత్యమనే పురాతన భావన దగ్గరనే నిలిచిపోయినది. అనేకమంది తమ జీతంలోనుంచి వాయిదాలు కట్టి మోటారు సైకిలు కొని, తమ డబ్బుతో పెట్రోలు పోసి ప్రభుత్వం పని చేస్తున్నారు. బురదలో ఆ మోటారు సైకిలు జారి కాలు విరిగితే ఆ నష్టమూ వారిదే.

పట్టాల పక్కన దారి లేదు

రైల్వేల సంగతి చూద్దాము. రైలుకు పట్టాలున్నవి, పట్టాలను కాపాడే మనిషికి దారి లేదు. కీమన్ ప్రతి దినం తన బీటులోని మైళ్ళను పనిముట్లు భుజాన వేసుకొని నడుస్తాడు. వానాకాలం రాత్రులలో గస్తీ మనిషి దీపం, డిటొనేటర్లు పట్టుకొని చీకటిలో కట్టమీద సాగుతాడు. ఈ నడకకు మరొకటి సాటిరాదు. పట్టాలను కంటితో చూడాలంటే నడవవలసిందే. కాని ప్రమాదం కనిపించిన తరువాత సిబ్బంది, జాకీలు, స్లీపర్లు, ఇసుక బస్తాలు, వెలుతురు దీపాలు ఆ స్థలానికి చేరవలసిన గంటలలోనే అసలు సమస్య ఎదురవుతుంది. పట్టాలు తెగినప్పుడు పట్టాల మీదనే అక్కడికి పోవడం కుదరదు. పక్కనున్న పొలంగట్టు మీదుగానో, చెరువుకట్ట వెంబడో పోవాలి. ఆ వేళ ఏ బండి పోగలదు?

2024 సెప్టెంబరు 1 తెల్లవారేసరికి కాజీపేట–విజయవాడ మార్గంలో ఇంటికన్నె, కేసముద్రం స్టేషన్ల మధ్య వరదనీరు కట్టను, కంకరను కోసివేసి పట్టాలను గాలిలో వేలాడదీసినది. ఉత్తర దక్షిణ భారతాలను కలిపే ప్రధాన మార్గం స్తంభించినది. మహబూబాబాద్ జిల్లాలోని రహదారులు సైతం అనేకచోట్ల అదే వరదలో తెగిపోయినవి. వందలాది కార్మికులు రాత్రింబగళ్ళు శ్రమించి సెప్టెంబరు 4 నాటికి మళ్ళీ రైలు నడిపించారు. ఆ ఘనత పూర్తిగా వారిదే. ఆ కార్మికులను, వారి అన్నం నీళ్ళను బురద దాటించే సాధనం కూడా వారికి ముందే ఇచ్చి ఉండవలసినదని ఏలినవారికి గుర్తుచేయడం మా బాధ్యత.

అదే విధంగా 2022 మే నెలలో అస్సాంలోని దిమా హసావ్ జిల్లాలో కొండచరియలు విరిగి లుమ్డింగ్–బదర్‌పూర్ మార్గం ధ్వంసమైనది. న్యూ హాఫ్లాంగ్ స్టేషనును బురద ముంచెత్తి, నిలిచి ఉన్న బోగీలను పక్కకు తోసివేసినది. రోడ్లు కూడా తెగిపోగా దారిలో చిక్కిన ప్రయాణికులను వైమానిక దళం హెలికాప్టర్లతో తరలించవలసి వచ్చినది. ఆ మార్గం తిరిగి తెరుచుకొనేసరికి జూలై మాసం వచ్చినది. హెలికాప్టరుకూ కాలినడకకూ మధ్య ఈ దేశంలో మరే సాధనమూ లేదా అన్న ప్రశ్న ఆనాడే వేయవలసినది.

మన తెలుగు నేలమీద 2005 అక్టోబరు 29 నాటి వలిగొండ దుర్ఘటనను రైల్వే కార్మికుడెవరూ మరువలేడు. ఎగువనున్న చెరువు తెగి, కట్ట కొట్టుకుపోయి, డెల్టా ప్యాసింజరు పడిపోగా వందకు పైగా ప్రయాణికులు మరణించారు. ఒక బండి ఉన్నంత మాత్రాన ఆ ఘోరం తప్పి ఉండేదని చెప్పడం మా ఉద్దేశం కాదు. అయితే పట్టాలకు ఎగువనున్న చెరువులను, వాగులను భారీవర్షం నాడు వెళ్ళి చూసిరావడం రైలు భద్రతలో భాగమైనప్పుడు, ఆ చెరువుకట్ట దాకా చేరగల వాహనం కూడా భద్రతా సామగ్రిలో భాగమే కావాలి.

దారి లేని చోట నడవడమంటే ఏమిటి?

ఈ విషయంలో సాంకేతిక పరిజ్ఞానం కొంత అవసరం. లేనిచో ప్రకటనలను చూసి మోసపోవడం ఖాయం. మామూలు కారులో ఇంజను శక్తి రెండు చక్రాలకే చేరుతుంది. ఆ రెండింటి మధ్యనున్న డిఫరెన్షియల్ అనే పళ్ళచక్రాల కూర్పు మలుపులలో ఒక చక్రం వేగంగాను, మరొకటి నెమ్మదిగాను తిరగడానికి తోడ్పడుతుంది. తారురోడ్డు మీద వరమైన ఈ ఏర్పాటే బురదలో శాపం. పట్టు తప్పిన చక్రం గిర్రున తిరుగుతూ ఉంటే గట్టి నేలమీదనున్న చక్రం కదలదు. నాలుగు చక్రాలకూ శక్తి అందే బండిలో వెనుక పట్టు తప్పినా ముందు చక్రాలు లాగుతవి.

రెండవది 'లో గేరు'. నాలుగు చక్రాలకు శక్తిని పంచే పెట్టెలోనే ఉండే ఈ అదనపు గేరు వేగాన్ని తగ్గించి, చక్రాల వద్ద లాగుబలాన్ని పెంచుతుంది. దీని మూలంగా చిన్న ఇంజనుతోనే నిటారు మెరక ఎక్కవచ్చు. దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కి విఫలం కాకుండా ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. కొండదారికి పెద్ద ఇంజను తప్పనిసరి అన్న ప్రచారంలోని డొల్లతనం ఇక్కడ బయటపడుతుంది. మూడవది నేలకూ బండి అడుగుకూ మధ్య తగినంత ఖాళీ. నాలుగవది, అన్నింటికన్న ముఖ్యమైనది, తక్కువ బరువు. బరువు తక్కువైతే చక్రం దిగబడదు, కల్వర్టు కుంగదు, ఇంధనం తక్కువ ఖర్చవుతుంది. ఎనిమిది వందల కిలోల బండి బురదలో చిక్కితే నలుగురు మనుషులు నెట్టి బయటపడవేయగలరు. రెండు టన్నుల బండి చిక్కితే ట్రాక్టరు కోసం కబురంపవలసిందే. పొడవు వెడల్పులు తక్కువైతే ఎడ్లబండి దారిలోను, అడవిలోని చెట్ల నడుమను తిరగగలదు.

అనగా చిన్నతనమూ, పొదుపూ, దారి లేని చోట నడిచే శక్తీ ఒకదానికొకటి విరుద్ధమైనవి కావు. మూడింటికీ మూలం తేలికదనమే. పిట్ట కొంచెం, కూత ఘనం.

చరిత్ర చెప్పే సాక్ష్యం

ఇది మా ఊహ మాత్రమే కాదు. రెండవ ప్రపంచయుద్ధంలో పేరుగాంచిన విల్లీస్ జీపు బరువు సుమారు పదకొండు వందల కిలోలు మాత్రమే. ఆ జీపునే 1940ల చివరిలో మహీంద్రా సంస్థ ముంబయిలో కూర్చడం మొదలుపెట్టినది. 1948లో బ్రిటన్‌లో వెలువడిన తొలి ల్యాండ్ రోవరు ఇంజను 1,595 సి.సి. మాత్రమే. దశాబ్దాల నాటి ల్యాండ్ రోవర్లు డార్జిలింగ్ జిల్లాలోని మానేభంజ్యాంగ్ నుంచి సందక్‌ఫూ కొండకు రాళ్ళదారిలో జనాన్ని మోస్తూనే ఉండడం మనకు తెలిసినదే. ఊరి మెకానిక్కు విప్పి బిగించగల సరళమైన యంత్రం కనుకనే అవి ఇన్నేళ్ళు నిలిచినవి.

సోవియట్ యూనియన్‌లో గ్రామీణులకు పనికివచ్చే కారు తయారుచేయవలసినదిగా 1970లో ప్రధాని కొసీగిన్ ఆ దేశపు మోటారు పరిశ్రమను కోరినారు. ఆ ప్రయత్న ఫలితంగా 1977లో నీవా వచ్చినది. 1.6 లీటర్ల ఇంజను, నాలుగు చక్రాలకూ ఎల్లవేళలా శక్తి, లో గేరు, రమారమి పదకొండున్నర వందల కిలోల బరువు. సామూహిక క్షేత్రపు బురదకూ, సైబీరియా మంచుకూ అది తట్టుకున్నది. ఇటలీలో 1983లో వచ్చిన ఫియట్ పాండా నాలుగు చక్రాల నమూనా ఇంజను 965 సి.సి., బరువు సుమారు 740 కిలోలు. పర్వతగ్రామాల రైతులకు అది నేటికీ ప్రీతిపాత్రమే. జపానులో సుజుకి సంస్థ 1970లో తెచ్చిన తొలి జిమ్నీ మరీ విచిత్రం: 359 సి.సి. ఇంజను, ఆరు వందల కిలోల లోపు బరువు! మన మోటారు సైకిళ్ళలో కొన్నింటి ఇంజను అంతకన్న పెద్దది. చిన్న బండ్లకు పన్ను తగ్గించే ప్రత్యేక తరగతిని ఆ దేశ ప్రభుత్వం ఏర్పరచినందువల్లనే అటువంటి బండి పుట్టినది. నేటికీ జపాను గ్రామాలలో 660 సి.సి. లోపు ఇంజనుతో, నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే చిన్న ట్రక్కులు వరిపొలాల గట్లమీద తిరుగుతున్నవి.

మన దేశానికీ ఈ అనుభవం లేకపోలేదు. 1985 చివరిలో మారుతి జిప్సీ వచ్చినది. తొలి ఇంజను 970 సి.సి., తరువాతి దశలో 1,298 సి.సి. టన్ను లోపు బరువుతో హిమాలయ శిఖరాల మీద సైన్యానికి, అడవులలో అటవీ శాఖకు, పోలీసులకు అది దశాబ్దాలు సేవ చేసినది. కొత్త భద్రతా, ఉద్గార నిబంధనల దరిమిలా 2019 నాటికి సాధారణ కొనుగోలుదారులకు దాని విక్రయం ముగిసినది. భద్రతా నిబంధనలు రావలసినవే. బండి నడిపే కార్మికుడి ప్రాణం కూడా విలువైనదే. ఆ నిబంధనలకు లోబడి అంతే తేలికైన, అంతే సరళమైన మరొక బండిని సామాన్యునికి అందుబాటు ధరలో తయారుచేయించే ప్రయత్నం ఎవరూ చేయకపోవడమే శోచనీయం. మనకు చేతకాదని అనలేము. 2005లో టాటా ఏస్ అనే చిన్న ట్రక్కు కేవలం 702 సి.సి. ఇంజనుతో వచ్చి పల్లెల సరకు రవాణా రూపురేఖలే మార్చివేసినది. ఆ ఇంజనీర్లు, ఆ కార్మికులు మన దేశస్థులే.

పన్ను చట్టంలో విలోమ న్యాయం

మరి ఆటంకమెక్కడ? పన్నుల విధానంలో ఒక జవాబు ఉన్నది. 2017లో వస్తుసేవల పన్ను వచ్చిన తరువాత, నాలుగు మీటర్లకు మించిన పొడవు, 1,500 సి.సి.కి మించిన ఇంజను, నేలకు 170 మిల్లీమీటర్లు లేదా అంతకు మించిన ఎత్తు గల బండ్లను ఒక తరగతిగా చేసి అత్యధిక సుంకం విధించారు. పొడవు విలాసం కావచ్చును, పెద్ద ఇంజను విలాసం కావచ్చును. రాయి తగలకుండా బండి అడుగు ఎత్తుగా ఉండడం కూడా విలాస లక్షణమేనట! 2025 సెప్టెంబరు 22 నుంచి అమలులోకి వచ్చిన మార్పులో, నాలుగు మీటర్ల లోపు పొడవుండి 1,200 సి.సి. లోపు పెట్రోలు, 1,500 సి.సి. లోపు డీజిలు ఇంజనుగల బండ్లకు పన్ను 18 శాతానికి తగ్గినది. తక్కినవాటికి 40 శాతం. నగరపు చిన్నకార్లకు ఇది మేలే. కాని పొడవు 3,985 మిల్లీమీటర్లు, బరువు సుమారు పన్నెండు వందల కిలోలు ఉన్న జిమ్నీ, ఇంజను 1,462 సి.సి. అయినందున, రెండు టన్నులకు మించిన విలాసపు బండ్ల సరసన 40 శాతం వరుసలో నిలిచినది. చిన్న డీజిలు ఇంజనుతో వెనుక చక్రాలకు మాత్రమే శక్తినిచ్చే థార్‌కు 18 శాతం. నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే థార్‌కు 40 శాతం. ఆకారానికి రాయితీ, సామర్థ్యానికి జరిమానా!

ఇంధన పొదుపు నిబంధనలలోనూ ఇదే తీరు. కంపెనీ అమ్మే బండ్ల సగటు బరువు పెరిగేకొద్దీ ఆ కంపెనీ చేరవలసిన ఉద్గారాల పరిమితి కూడా సడలే విధంగా మన లెక్క రూపొందినది. బరువును తగ్గించినవాడికి దక్కవలసిన బహుమానం బరువు పెంచినవాడికి దక్కుతున్నది. అవసరమైన ముడిచమురులో 85 శాతానికి పైగా విదేశాలనుంచి కొంటున్న దేశంలో ఇదెక్కడి వివేకం?

ఇంకొక విశేషం గమనార్హం. 2023 జూన్‌లో అయిదు తలుపుల జిమ్నీ మన విపణిలోకి వచ్చినప్పుడు దాని ప్రారంభ ధర 12.74 లక్షల రూపాయలు. ఇక్కడ దానికి ఆదరణ అంతంత మాత్రమే. అదే బండి గురుగ్రామ్‌లో మన కార్మికుల చేతులమీదుగా తయారై 2025లో జపానుకు ఎగుమతి కాగా, అక్కడ కొద్ది రోజులలోనే యాభై వేల వరకు ఆర్డర్లు వచ్చిపడి, కంపెనీ ఆర్డర్లు తీసుకోవడమే తాత్కాలికంగా నిలిపివేయవలసి వచ్చినది. జపాను మంచుగ్రామాలకు పోయే బండిని చేసే దేశం, తన ఏజెన్సీ ప్రాంతపు తపాలా ఉద్యోగికి మాత్రం సైకిలు భత్యం చూపుతున్నది.

ఆక్షేపణలకు సమాధానం

రోడ్లు వేస్తే సరిపోతుంది గదా, బండ్లెందుకని కొందరంటారు. రోడ్లు వేయవలసినదే, ఆ కోర్కెను మేము ఎన్నడూ వదులుకోము. అయితే 2000 డిసెంబరులో ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామసడక్ యోజన పాతికేళ్ళు నడిచిన తరువాత కూడా, 2024 సెప్టెంబరులో ఆమోదం పొందిన నాలుగవ దశ లక్ష్యాలలో ఇంకా రోడ్డెక్కని పాతిక వేల ఆవాసాలున్నవి. అవి పూర్తయ్యేవరకు ఆ ఊళ్ళకు తపాలా ఆగదు గదా! వేసిన రోడ్డు సైతం వరదకు తెగేదే. రోడ్డు తెగిన రోజుననే మన పని రెట్టింపయ్యేది.

మోటారు సైకిలు చాలదా అన్నది రెండవ ఆక్షేపణ. ఎండకాలంలో ఒక మనిషికి చాలును. వానలో, సొమ్ముసంచితో, పార్సిళ్ళతో, బురదదారిలో చాలదు. నేడు బ్రాంచి పోస్టాఫీసులలో చేరుతున్న యువతుల సంఖ్య పెరుగుతున్నది. అడవిదారిలో ఒంటరిగా జారిపడే రెండు చక్రాల బండిని భద్రత అనడానికి మనసెట్లా ఒప్పుతుంది?

ఖర్చు మాటేమిటన్నది మూడవది. చిన్న లెక్క వేసి చూద్దాము. ఒక బండి దినానికి నలభై కిలోమీటర్ల చొప్పున ఏడాదికి మూడు వందల దినాలు తిరిగితే పన్నెండు వేల కిలోమీటర్లు. లీటరుకు పది కిలోమీటర్లు ఇచ్చే బరువైన బండికి 1,200 లీటర్లు కావాలి. పదహారు ఇచ్చే తేలికబండికి 750 లీటర్లు చాలును. ఒక్క బండిమీద 450 లీటర్లు, వేయి బండ్లమీద నాలుగున్నర లక్షల లీటర్లు ఏటేటా మిగులుతవి. నగరంలోని కార్యాలయం నుంచి సమావేశ మందిరానికి అధికారులను మోసే పెద్దబండ్ల అద్దె బిల్లులను తిరగవేసి చూస్తే మిగతా సొమ్ము ఎక్కడ దొరుకుతుందో తెలియగలదు.

విద్యుత్ వాహనాల మాటా వినవస్తున్నది. నికరమైన విద్యుత్తు ఉన్న చోట వాటిని మేము ఆహ్వానిస్తాము. ముందు వెనుకలకు చెరొక మోటారు అమర్చితే చిన్నబండికి నాలుగు చక్రాల శక్తి సులువుగానే లభిస్తుంది. కాని తుపాను నాడు స్తంభాలు కూలిన ప్రాంతంలో బండి నడవాలంటే నేటికి ఇంధనపు బండి కూడా చేతిలో ఉండవలసిందే. ఇక కొండ పచ్చికబయళ్ళను తొక్కి పాడుచేసే వినోద యాత్రలతో మాకు పొత్తు లేదు. ఆ యాత్రికులకు బురద ఆట, మనవారికది కొలువు. మేము కోరేది ఉన్న బాటలోనే సాగే పనిముట్టు.

మన షరతులు, మన కోర్కెలు

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. యంత్రం వచ్చిన ప్రతిసారీ మనిషిని తీసివేయడానికి దానిని సాకుగా చూపడం యాజమాన్యాలకు అలవాటు. బండి వచ్చినది గనుక ఇద్దరి బీటు ఒకరికి చాలునని, గ్యాంగులో నలుగురిని తగ్గించవచ్చునని రేపు ఉత్తర్వు వెలువడవచ్చు. ఆ ఉత్తర్వును మనం ఒప్పుకోరాదు. బండి కార్మికుని భుజం మీది బరువు దించడానికి రావాలి. అతని ఉద్యోగం దించడానికి కాదు. అదే విధంగా బండిని గుత్తేదారుకు అప్పగించి, దినకూలి డ్రైవరుతో నడిపించే పద్ధతినీ ప్రతిఘటించాలి. వరదరాత్రి ప్రాణాలకు తెగించి వాగు దాటవలసిన డ్రైవరుకు ఉద్యోగ భద్రత, బీమా, శిక్షణ ఉండితీరాలి.

కనుక మేము కోరేది స్పష్టం. ఏజెన్సీ, కొండ, వరద, ఎడారి ప్రాంతాలలోని ప్రతి సబ్ పోస్టాఫీసు పరిధికి, వరద ముప్పుగల ప్రతి రైల్వే ఇంజనీరింగ్ విభాగానికి నాలుగు చక్రాలకూ శక్తి, లో గేరు గల చిన్నబండిని శాఖాపరంగా కేటాయించాలి. తేలికబరువు, చిన్న పొడవు, లో గేరు గల పని వాహనాలకు పన్నులో ప్రత్యేక తరగతి ఏర్పరచి 18 శాతం వరుసలో చేర్చాలి. రైల్వే, తపాలా, వైద్య, అటవీ శాఖలు కలసి ఉమ్మడి కొనుగోలుకు ఆర్డరిస్తే చాలు, అటువంటి బండిని చౌకగా తయారుచేయడానికి పరిశ్రమ తానే ముందుకు వస్తుంది. సొంత మోటారు సైకిలు మీద ప్రభుత్వపు పని చేస్తున్న ప్రతి ఉద్యోగికి, బండి వచ్చేవరకు, అసలైన పెట్రోలు ఖర్చు, ప్రమాద బీమా చెల్లించాలి. ఏ పోస్టూ రద్దు కారాదు.

ఈ కోర్కెలు అందని ద్రాక్షలు కావు. ఆయా డివిజన్ల శాఖలు తమ పరిధిలో వర్షాకాలంలో దారి తెగే బ్రాంచి పోస్టాఫీసులెన్ని, రోడ్డు లేని రైల్వే కట్టల నిడివి ఎంత, ఉద్యోగులు సొంతంగా పెడుతున్న పెట్రోలు ఖర్చెంత అన్న వివరాలను ఊరూరా సేకరించాలి. లెక్కలు చేతబట్టుకొని అడిగినవాడికి జవాబు చెప్పక తప్పదు. రాబోయే వానలకు ముందే ఆ లెక్కలు మన సమాఖ్య కార్యాలయానికి చేరాలని, ఈ అంశం సంప్రదింపుల బల్లమీదకు రావాలని సహోద్యోగులను కోరుతున్నాము. వాగు పొంగిన రాత్రి తపాలా సంచీ, ట్రాక్‌మన్ దీపమూ ఆగవు. వాటిని మోసే మనిషిని ఒంటరిగా వదలరాదు.